బోరుబావి అతుకు

మదురైలో చిన్నత్త ఆపరేషన్‌కు ఒప్పుకోవడం లేదన్న కబురు మొదట మా ఇంటికి తెచ్చింది మా ఆడపడుచు. ఫోనులో చెప్పదగ్గ మాటే. అయినా ఆమె బస్సెక్కి, తెల్లవారేసరికి మా వాకిట్లో వచ్చి నిలబడింది. నేను ముగ్గుపిండి డబ్బా చేతిలో పట్టుకుని ఉన్నాను. కాళ్లు కడుక్కోమన్నాను, కాఫీ కలుపుతానన్నాను. ఆమె రెండూ వినిపించుకోలేదు.

"వదినా, చిన్నమ్మ సంతకం పెట్టనంటా ఉండాది. అక్క వస్తేనేదా లోపలికి పోతానంట. నా వల్ల కాలేదు. అమ్మను పిలుచుకుపోదామని వచ్చినా," అంది.

చిన్నత్త అంటే మా అత్తగారి చెల్లెలు. పిల్లలు లేరు. భర్త పోయి చాలా కాలమైంది. మదురైలో మా ఆడపడుచు ఇంటికి పక్క వీధిలో ఒక్కతే ఉంటుంది. గుండెలో ఒక కవాటం పాడయిందని డాక్టర్లు చెబుతూ వస్తున్నారు, ఆమె మాత్రలతో నెట్టుకొస్తోంది. ఇక మాత్రలతో కుదరదు, కోసి మార్చాల్సిందే అని ఇప్పుడు తేల్చేశారు. తేదీ కూడా ఇచ్చారు.

మా ఇళ్లల్లో ఒక అలవాటుంది. ఎవరైనా కాన్పుకో, దూర ప్రయాణానికో, కత్తి పడే వైద్యానికో పోయేముందు ఇంటి పెద్ద ఆడమనిషి పసుపు గుడ్డలో ఒక నాణెం వేసి, పెరుమాళ్లను తలచుకుని, వాళ్ల ముంజేతికి ముడుపు కడుతుంది. కట్టి, తలమీద చెయ్యి పెడుతుంది. క్షేమంగా ఇల్లు చేరాక ఆ ముడుపు విప్పి కారమడై గుడిలో సమర్పిస్తారు. చిన్నత్తకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. అక్కే తల్లయింది. పెళ్లికి, కాశీ ప్రయాణానికి, ఒకసారి కడుపులో రాయి తీయించుకోవడానికి, దేనికైనా అక్క చేతి ముడుపుతోనే ఆమె గడప దాటింది.

ముడుపు ఇక్కడ కట్టి పంపిస్తే సరిపోదా అని నేను అడిగాను. ఆడపడుచు తల అడ్డంగా ఊపింది.

"అదీ చెప్పిచూసినా. గుడ్డ వస్తే నాకేమిటికి, చెయ్యి రావాల అన్నాది. ఫోన్‌లో అమ్మ మొగం చూపించినా. మొగం బానే ఉండాది, చెయ్యి యాడ అని అడిగింది."

లోపల మంచం మీదినుంచి అత్తగారు అంతా వింటూనే ఉన్నారు. "బండి తియ్యమను," అన్నారు. అంతే.

బండి తియ్యడమే కష్టం. ఆ సమయానికి మా వ్యాను బావగారి పట్టరైలో, అంటే ఆయన మోటార్లు బాగుచేసే షెడ్డులో, సైలెన్సర్ లేకుండా రాళ్ల మీద నిలబడి ఉంది.

వేరే బండిలో పోవచ్చు కదా అని చదివేవారు అనుకుంటారు. అత్తగారికి తుంటి విరిగి, లోపల లోహపు బంతి వేశారు. మోకాలు పూర్తిగా మడవలేరు. కారులో కూర్చోబెడితే కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు. పెద్ద వ్యాన్లకు మెట్టు ఎత్తు. బస్సు, రైలు మాటే లేదు. అంబులెన్సు అంటే, నేను పోయాక తీసుకుపోండి, బతికుండగా ఎక్కను అంటారు. మా వ్యాను నేలకు దగ్గరగా ఉంటుంది. మా ఆయన దాని నడిమి సీటు పీకించి, అత్తగారు కాలు చాచుకుని కూర్చునేలా ఒక బల్ల సీటు వేయించారు. ఆమె చెకప్పుకు పోయినా, శనివారం గుడికి పోయినా అందులోనే. ఆ సీటును చూసినప్పుడల్లా నేను దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

సైలెన్సర్ తుప్పు పట్టి ఒకరోజు నడిరోడ్డు మీద ఊడిపడింది. మాది కోయంబత్తూరుకు, మేట్టుపాళయానికి నడుమ పల్లె. పక్కనే వక్కతోటలు, ఏడాదిలో సగం నేల తడిగానే ఉంటుంది. ఇనుము ఎంతకాలమని ఆగుతుంది. వ్యాను పాతది కాబట్టి దానికి సరిపడే సైలెన్సర్ దొరకలేదు. మా ఆయన కోయంబత్తూరులో గొట్టాలు వంచి సైలెన్సర్లు చేసే అతనితో కొత్తది చేయించారు. చూడటానికి బాగుంది, శబ్దమూ తక్కువే. కానీ ఆ గొట్టానికి ఒక సెన్సరు బిగించాలి. పొగలో గాలి ఎంత మిగిలిందో చూసి ఇంజిన్‌కు చెప్పే చిన్న వస్తువు అది. అది చెప్పినదాన్ని బట్టే ఇంజిన్ ఎంత పెట్రోలు తాగాలో తేలుతుందట. పాత గొట్టంలో దాని చోటు ముందుకు ఉండేది. కొత్త గొట్టం చేసినతను ఆ చోటును వెనక్కి పెట్టాడు. సెన్సరు బిగించాక దాని వైరు పైనున్న ప్లగ్గును అందుకోవడం లేదు. మూరెడు తక్కువ.

నేను ఇనుము పనిచేసేవాణ్ని, వైరు పని నాది కాదు, నాలుగు వైర్లు పొడిగించుకోండి అంతే అని చెప్పి అతను పంపేశాడు. "అంతే" అన్న ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ఆయన బండిని ఊళ్లో కార్ల ఎలక్ట్రీషియన్ దగ్గరకు తీసుకుపోదామనుకున్నారు. బావగారికి కోపం వచ్చింది. బావగారు మా ఆయనకు అన్న. చిన్న వయసునుంచి పంపుసెట్ మోటార్లకు వైరు చుట్టడమే ఆయన పని. మా చుట్టుపక్కల పల్లెల్లో బోరుబావిలోకి దిగిన మోటారు ఆగిపోతే పిలుపు ఆయనకే వస్తుంది. ఆయన వేసిన అతుకు పాతాళంలో నీళ్లలో ఏళ్ల తరబడి మునిగి ఉన్నా చుక్క నీరు లోపలికి పోదు. అది ఊరంతా ఒప్పుకున్న సంగతి.

"ఇంట్లో వైరు తెలిసినోడు ఉండంగా ఈదిలోకి పోతావా తమ్మీ? నాలుగు సన్న వైర్లు. దీనికి ఒక ఎలక్ట్రీషియనా? సుమ్మా ఉండు," అన్నారు.

మా ఆయన ఊరుకున్నారు. అన్నకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

బావగారు ఆ పనిని నిజంగా శ్రద్ధగా చేశారు. అది చెప్పకపోతే తప్పు. నాలుగు వైర్లనూ ఒక్కొక్కటే గీకి, మెలిపెట్టి, టంకం పోశారు. దానిమీద రబ్బరు టేపు, దానిమీద మోటారు చుట్టకు పూసే వార్నిష్, మళ్లీ టేపు. ఎండలో ఆరబెట్టి మళ్లీ వార్నిష్. చివరికి ఆ అతుకు చిన్న వంకాయంత అయింది. అచ్చం బోరుబావి కేబుల్‌కు వేసే అతుకే. బండిని నీళ్లలో ముంచినా దీనికేమీ కాదు అని చేత్తో తట్టి చూపించారు. నేను బండికి గంధం, కుంకుమ బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు ఉంచి, హారతి ఇచ్చాను. బావగారిలాంటి మనిషి ఇంట్లో ఉండటం ఎంత అదృష్టమని మనసారా అనుకున్నాను.

మరునాడు పొద్దున్నే బయలుదేరాం. పులిహోర, పెరుగన్నం కట్టాను. అత్తగారికి ఇద్దరం పట్టి స్నానం చేయించి, జరీ అంచు చీర కట్టాం. ముడుపు ఆమె కొంగున కట్టుకున్నారు. ఆడపడుచు పక్కన కూర్చుంది. పల్లడం దాటేవరకు బండి వెన్నలా పోయింది. నేను కిటికీలోంచి చూస్తూ మనసులో నామాలు చెప్పుకుంటున్నాను. అప్పుడు మా ఆయన ముందు పలకలో పసుపురంగు లైటు వెలిగింది. ఇంజిన్ బొమ్మ ఉండే లైటు.

లైటేగా, వెలగనీ అనుకున్నాం. తర్వాత బండి ఎగిరెగిరి పడటం మొదలుపెట్టింది. ఎక్కిళ్లు వచ్చినట్టు ఒక కుదుపు, ఆగి మళ్లీ ఇంకో కుదుపు. వెనక నల్లటి పొగ. పెట్రోలు వాసనకు అత్తగారికి దగ్గు వచ్చింది. ధారాపురం దారిలో మనుషులు లేని చోట ఆగిపోతే ఈమెను దింపి ఎక్కడ కూర్చోబెడతాం అని మా ఆయన భయపడి బండి తిప్పేశారు. అత్తగారు కొంగున ముడి విప్పి చూసుకుని మళ్లీ కట్టుకున్నారు. ఆ పులిహోర మేము ఇంటికొచ్చి తిన్నాం.

ఆడపడుచు బస్సులో ఒక్కతే మదురై వెళ్లిపోయింది. ఆసుపత్రిలో ఇచ్చిన తేదీ దాటిపోయింది.

ఆ తర్వాతి రోజులు తలచుకుంటే నాకు అలసటే గుర్తొస్తుంది. మెకానిక్ వచ్చి తన చేతి యంత్రాన్ని బండికి తగిలించి చూశాడు. సెన్సరు చెడిపోయింది, కొత్తది వెయ్యండి అన్నాడు. కొత్తది తెచ్చాం. కొత్తదాని వైరూ పొట్టిదే, మళ్లీ పొడిగించాలి. మా ఆయన ఈసారి మెకానిక్‌తోనే చేయిద్దామన్నారు. బావగారు వినలేదు. మొన్న దారిలో వాన పడింది, అతుకులోకి తేమ పోయి ఉంటుంది, ఈసారి ఇంకా గట్టిగా వేస్తానన్నారు. వేశారు. ఈసారి టేపు చుట్టే ముందు వైరు కొసలను కూడా వార్నిష్‌తో తడిపారు, లోపలి సన్న తీగల సందుల్లోకి సైతం నీరు దూరకూడదని. పైన తారు పూత. మొదటి అతుకు వంకాయంత అయితే ఇది ముల్లంగి అంత అయింది.

ఊళ్లోనే రెండు చుట్లు తిప్పి చూశారు. లైటు లేదు. మరునాడు పెద్ద రోడ్డెక్కి కాస్త దూరం పోయేసరికి మళ్లీ వెలిగింది. మెకానిక్ దాన్ని ఆర్పేవాడు, అది మళ్లీ వెలిగేది. పెట్రోలులో నీళ్లున్నాయని ఒకరు, ప్లగ్గులని ఒకరు, కొత్త సైలెన్సరే తప్పుగా చేశారని ఒకరు అన్నారు. మా ఆయన సైలెన్సర్ చేసినతని దగ్గరకు పోయి గొడవపడి వచ్చారు. బావగారు బండి కింద పడుకుని తన అతుకును చూసుకుని, దీనిలో తప్పులేదు, రాయిలా ఉందని లేచేవారు. అన్నదమ్ములిద్దరూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. సాంబారు కావాలన్నా నన్నే మధ్యలో పెట్టి అడిగేవారు.

నేను బడికి పోయి తెలుగు నేర్చుకున్నదాన్ని కాదు. బడిలో అంతా అరవమే. మా నాన్న సాయంకాలాలు దేవుడి గూటి ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. అక్షరాలతోపాటు ఇంకో అలవాటు కూడా నేర్పారు. దీపం పెట్టాక ఏమీ అడగకూడదు, ముందు ఆరోజు అందిన మంచిని ఒక్కొక్కటిగా చెప్పి దండం పెట్టాలి. ఇన్నేళ్లుగా అది తప్పలేదు. ఆ రోజుల్లో దీపం ముందు కూర్చుంటే అది ముందుకు సాగేది కాదు. పాలు పొంగాయి, వాన కురిసింది, అందరికీ అన్నం ఉంది అని మొదలుపెట్టేదాన్ని. మధ్యలో ఆ పసుపు లైటు గుర్తొచ్చేది. నీకు ఒక చిన్న వైరు సంగతి కూడా చేతకాదా స్వామీ అని మనసు అడిగేసేది. అడిగినందుకు భయపడి లెంపలు వేసుకునేదాన్ని. మళ్లీ అడిగేదాన్ని.

చిన్నత్త మీదా కోపం వచ్చేది. ప్రాణం మీదికొస్తే కూడా ఇంత పట్టుదలా అని. ఒకరోజు ఫోనులో ఆ మాటే మెల్లగా అన్నాను. మీరు సంతకం పెట్టండి చిన్నత్తా, మేము వెనకే వస్తాం అని.

"వెనకే వస్తే ఎవరికమ్మీ? లోపలికి పోయేటప్పుడు కదా నాకు భయం. బయటికి వచ్చినాక నాకు ఎవరూ వద్దు, మీ పాటికి మీరు ఇంటికి పోండి," అంది. నవ్వింది కూడా. నవ్వు మధ్యలో ఊపిరి అందక ఆగిపోయింది. ఫోను ఆడపడుచు తీసుకుంది. చిన్నమ్మ ఇప్పుడు వెల్లకిలా పడుకోలేకపోతోందనీ, దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోతోందనీ చెప్పింది. డాక్టరు ఇంకొక్క తేదీ ఇచ్చాడట. ఇదీ దాటితే గుండె కోతకు తట్టుకోలేదు, అప్పుడు నన్ను అడగవద్దు అన్నాడట.

ఆ తేదీకి ముందురోజు మళ్లీ బయలుదేరాం. మళ్లీ పులిహోర, మళ్లీ జరీ అంచు చీర, మళ్లీ నిమ్మకాయలు. ఈసారి బావగారు కూడా పనిముట్ల సంచి తీసుకుని ముందు సీట్లో ఎక్కారు. మా ఆయన వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

ధారాపురం దాటాక లైటు వెలిగింది. నేను చూశాను, వాళ్లూ చూశారు. కుదుపులు మొదలయ్యాయి. మా ఆయన పళ్లు బిగబట్టి నడిపారు. ఒట్టన్‌చత్రం చేరేసరికి బండికి లాగే శక్తి లేదు. కూరగాయల మార్కెట్టు దగ్గర, లారీలు వరసకట్టిన చోట అది దగ్గుతూ ఆగిపోయింది. వెనక నల్లపొగ. టమాటా గంపలు దించుతున్న లారీ డ్రైవరు ఒకతను ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఏం అన్నా, కొబ్బరి చిప్పలు కాల్చుకుంటూ వస్తున్నారా అని అరవంలో అడిగాడు. పక్కవాళ్లు నవ్వారు.

మా ఆయన మార్కెట్లోకి పోయి ఏదైనా బండి దొరుకుతుందేమోనని తిరిగారు. ఉన్నవన్నీ సరుకు బండ్లు. ఒక టెంపో అతను జాలిపడి వస్తానన్నాడు. కానీ దాని అంచు అత్తగారి నడుముకు పైన ఉంది. ఎత్తి కూర్చోబెడదామని చూస్తే తుంటి దగ్గర నొప్పికి ఆమె ముఖం తెల్లబోయింది. మళ్లీ వ్యానులోనే కూర్చోబెట్టాం. ఎండ ఎక్కుతోంది. ఉల్లిపాయల ఘాటు, కుళ్లిన టమాటా వాసన. అత్తగారు కొంగుతో విసురుకుంటూ దారివైపే చూస్తున్నారు.

బావగారు బండి కిందికి దూరి, బయటికొచ్చి, అతుకు రాయిలా ఉందన్నారు మళ్లీ.

నేను కోడలిగా వచ్చినప్పటినుంచి బావగారి ముందు గొంతెత్తి మాట్లాడలేదు. ఆయన వస్తే లేచి నిలబడటమే తెలుసు. ఆ రోజు నిలబడే మాట్లాడాను, కానీ గొంతు నాది కానట్టు ఉంది.

"రాయిలా ఉండాదని మీరే చెప్తా ఉండారు బావా. బండి నడవలేదు. ఒక్కసారి, ఒక్కరిని అడగండి. ఆ సెన్సరు అమ్మినోళ్లనన్నా అడగండి. మీకు అడిగేదానికి కష్టంగా ఉంటే ఫోను నాకియ్యండి, నేను అడుగుతా."

ఆయన నావైపు చూశారు. తర్వాత వ్యానులో కూర్చున్న తల్లివైపు చూశారు. జేబులోంచి ఫోను తీశారు.

కోయంబత్తూరులో సెన్సరు అమ్మిన కొట్టతనికి ఫోను కలిసింది. మార్కెట్టు గోలలో వినబడదని స్పీకరు పెట్టారు. అతను మామూలుగా అడిగేవి అడిగాడు, ఏ బండి, ఏ ఏడాది, లైటు ఎప్పుడు వెలుగుతుంది అని. చల్లగా ఉన్నప్పుడు బాగుంటుందా, కాసేపు నడిచాకే చెడుతుందా అన్నాడు. అవునన్నారు బావగారు. వైరు పొడిగించారా అన్నాడు. పొడిగించానని చెప్పి, ఎలా వేశారో మొత్తం చెప్పుకొచ్చారు. టంకం, రబ్బరు, వార్నిష్, తారు. చుక్క నీరు పోదని కూడా చెప్పారు. ఆ చెప్పడంలో కాస్త గర్వం ఉంది, అంత కష్టంలో కూడా.

అంతా విని అతను, "అయ్యో సార్, ముక్కు మూసేశారు కదా," అన్నాడు.

తర్వాత విడమరిచి చెప్పాడు. పొగలో గాలి ఎంత ఉందో తెలియాలంటే సెన్సరు దాన్ని బయటి గాలితో పోల్చి చూసుకోవాలి. ఆ బయటి గాలి సెన్సరుకు ఎక్కడినుంచో కాదు, దాని వైరు లోపలి సన్న తీగల సందుల్లోంచే అందుతుంది. టంకం పోస్తే, వార్నిష్ పీల్చుకుంటే ఆ సందులు మూసుకుపోతాయి. లోపలున్న గాలి అయిపోయేవరకు బాగుంటుంది, తర్వాత అది తప్పు చెబుతుంది. గాలి ఎక్కువైందనుకుని ఇంజిన్ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. అందుకే పొగ. ఆ అతుకు పూర్తిగా కోసేయండి, వార్నిష్ తగలని చోటుదాకా కోయండి, కొత్త వైరు పెట్టి ఒత్తి బిగించండి, టంకం వద్దు, పైన గొట్టం వదులుగా తొడగండి, చాలు అన్నాడు. పాత తప్పు లెక్కను ఇంజిన్ మరిచిపోవడానికి బ్యాటరీ కొస ఒకటి కాసేపు తీసి పెట్టమని కూడా చెప్పాడు.

బావగారు ఫోను జేబులో పెట్టుకుని రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నారు. మా ఆయన ఎదురుగా నిలబడ్డారు. చాలా రోజుల కోపం ఆయన ముఖంలో కనిపిస్తోంది. ఏదో అనబోతున్నారని నాకు తెలిసింది. ఈలోపు బావగారే తల ఎత్తారు.

"నీళ్లు పోకూడదనిదా చూసినా తమ్మీ. ఇన్నేండ్లు అదొక్కటేదా చూసినా. గాలి పోవాలని ఎవరికి తోస్తాది?"

మా ఆయన అనబోయిన మాట మింగేశారు. "వైరు నేను తెస్తా. నువ్వు కొయ్యి అన్నా," అని మార్కెట్టు వెనక వీధిలోని ఎలక్ట్రికల్ కొట్టుకు పరుగెత్తారు. అన్నదమ్ములు నేరుగా మాట్లాడుకోవడం చాలా రోజుల తర్వాత అప్పుడే విన్నాను.

బావగారు తన అతుకును తనే కోశారు. అంత తేలిగ్గా తెగలేదు. రంపపు బ్లేడుతో రుద్దాల్సి వచ్చింది. కోసిన ముక్కను కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి సంచిలో వేసుకున్నారు. పారేయలేదు. కొత్త వైరు వచ్చాక, చిన్న రాగి గొట్టాల్లో రెండు వైపులా కొసలు దూర్చి ప్లయరుతో ఒత్తారు. పైన వదులు గొట్టం తొడిగారు. చెయ్యి అలవాటు కొద్దీ రబ్బరు టేపు చుట్ట తీసి, మళ్లీ లోపల పెట్టేశారు. ఆ పని చూస్తుంటే నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. ఇంత చిన్న ప్రశ్న మొదటిరోజే అడిగి ఉంటే అన్నదే నా మనసులో తిరుగుతోంది.

బండి కదిలింది. దిండిగల్లు వచ్చింది, పోయింది. లైటు వెలగలేదు. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను, నామాలు కూడా మర్చిపోయి. మదురై ఆసుపత్రి చేరేసరికి సాయంత్రమైంది. చూడటానికి వచ్చేవాళ్ల సమయం అయిపోయిందని వాకిట్లో ఆపారు. మా ఆడపడుచు నర్సు చేతులు పట్టుకుని బతిమాలితే అత్తగారిని ఒక్కరినే చక్రాల కుర్చీలో పోనిచ్చారు. కుర్చీ తోసేందుకు నన్ను రానిచ్చారు.

చిన్నత్త దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. పెదవులు నేరేడు రంగులో ఉన్నాయి. మేము కనపడగానే ముఖం అటు తిప్పుకుంది.

"ఇప్పుడు తెలిసిందా దావ?"

"బండి చెడిపోయిందే."

"నీ బండి యాల చెడిపోదు, నువ్వు ఎక్కితే," అంది చిన్నత్త. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే చిన్నత్త చెయ్యి చాపింది. ముంజేతికి సూది గుచ్చి పట్టీ వేసి ఉంది, ముడుపు కట్టడానికి చోటు లేదు. అత్తగారు ఇటూ అటూ చూసి ఇంకో చేతికి కట్టారు. ముడి పడటానికి చాలాసేపు పట్టింది. తర్వాత తలమీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు. నర్సు వచ్చి సమయమైందని చెప్పినా తియ్యలేదు. చిన్నత్త ఆ చెయ్యి కిందినుంచే కాగితం అడిగి సంతకం పెట్టింది.

మరునాడు ఆపరేషన్ జరిగింది. ఆమె బతికింది. దేవుడికి దానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ డాక్టరు బయటికి వచ్చి చెప్పిన మాట కూడా రాయాలి. కవాటం బాగా కూర్చుంది, ఆపరేషన్ ఆలస్యమైన ఈ కొన్ని వారాల్లో గుండె మాత్రం అలసిపోయింది, మొదటి తేదీకే వచ్చి ఉంటే ఇంత అలసేది కాదు అన్నాడు. బావగారు పక్కనే ఉన్నారు. అప్పటినుంచి ఆయన నెలకు ఒకసారి బస్సెక్కి మదురై పోయి, చిన్నమ్మ ఇంట్లో ఒక పూట కూర్చుని వస్తారు. ఏం మాట్లాడుకుంటారో మాకు చెప్పరు.

చిన్నత్త ఇప్పుడు ఇంట్లోనే ఉంది. గోడ పట్టుకుని వాకిలిదాకా నడుస్తుంది. వీధి చివరి కొట్టుదాకా పోయి తన తమలపాకులు తనే తెచ్చుకోవాలని కోరిక. అది ఇంకా కుదరలేదు. చేతి ముడుపు ఇంకా విప్పలేదు. విప్పమంటే, నేను ఇంకా ఇంటికి చేరలేదమ్మీ, సగం దావలో ఉండా అంటుంది.

ఇది చదివేవారిలో సాయంత్రం దీపం పెట్టేవాళ్లు ఉంటారు. మీ ఇంటివాళ్ల కోసం దండం పెట్టుకున్నాక, చేతులు దించే ముందు, ఆమెను ఒక్కసారి తలచుకోండి. పేరు అక్కర్లేదు. మదురైలో అక్క చెయ్యి కోసం ఆగిన ఒక చెల్లెలు అనుకుంటే చాలు, వినేవాడికి ఎవరో తెలుస్తుంది.